వేదిక మీదికి కూడా ఒక దారి: మా కార్పొరేటర్ గారి కృషి గురించి

సాయంకాలం శ్రోత:

సభ్యులందరికీ నమస్కారం. స్థానిక నాయకుల మీద ఫిర్యాదులు రాసుకోవడానికి ఈ చర్చా వేదికను మనమందరం బాగానే వాడుకుంటున్నాం కనుక, ఒక్కసారి మెచ్చుకోలుకు కూడా చోటిస్తే తప్పులేదనిపించి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఎన్నికల ప్రచారంగా మారకూడదన్న నిర్వాహకుల నియమాన్ని పాటిస్తూ ఆవిడ పేరు, పార్టీ, డివిజన్ ఏదీ రాయడం లేదు. హైదరాబాద్‌లో ఒక కార్పొరేటర్ అనుకుంటే చాలు.

మా కమ్యూనిటీ హాలు ముఖద్వారానికి ర్యాంపు ఎప్పటినుంచో ఉంది. దాని మీద స్కూటర్లు నిలిపేవారన్నది వేరే సంగతి. అయితే ఆ ర్యాంపు మనిషిని ప్రేక్షకుల కుర్చీల దాకా తీసుకువెళ్లి అక్కడితో ఆగిపోయేది. మూడడుగుల ఎత్తున్న వేదికకు మాత్రం పక్కన ఇరుకైన మెట్లే దిక్కు. ఒక ఉగాది కవి సమ్మేళనంలో వీల్‌చైర్‌లో వచ్చిన కవిని నలుగురు కార్యకర్తలు కుర్చీతో సహా ఎత్తి వేదిక మీద పెట్టారు. సభ చప్పట్లు కొట్టింది, ఫొటోలు తీసుకున్నారు. ముఖ్య అతిథిగా వచ్చిన కార్పొరేటర్ గారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. వారం తిరక్కుండా ఇంజినీరును వెంటబెట్టుకుని వచ్చి వేదిక ఎత్తు కొలిపించారు.

ఇప్పుడు వేదికకు ర్యాంపు ఉంది. అంతకంటే ముఖ్యంగా, ఆవిడ సహకారంతో జరిగే ప్రతి కార్యక్రమంలోనూ వికలాంగ కళాకారులను వేరుగా కూర్చోబెట్టకుండా అందరి వరుసలోనే పిలుస్తున్నారు, అందరితో సమానంగా పారితోషికం ఇస్తున్నారు. బోనాల సమయంలోనూ బతుకమ్మ రోజుల్లోనూ జరిగే సభలకు సంజ్ఞా భాష అనువాదకులు వస్తున్నారు. ఇంకొక సద్గుణం కూడా చెప్పాలి: ఆవిడ ప్రసంగం అయిదు నిమిషాలు దాటదు. నగరంలో సాంస్కృతిక సభలకు వెళ్లే అలవాటున్నవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

మీ ప్రాంతాల్లో ఇటువంటి ప్రయత్నం ఏదైనా జరిగిందా? ఆవిడను ఇంకా ఏమి అడగవచ్చు?

తెరవెనుక:

శ్రోత గారూ, ఆ హాలులో లైట్లు, మైకులు అమర్చే పని చాలాకాలంగా నాదే కాబట్టి ఆ ర్యాంపు కథ నాకు తెలుసు. బయటివారికి అది నాలుగు బస్తాల సిమెంటు పనిలా కనిపిస్తుంది. లెక్క చూస్తే అలా ఉండదు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు ఉండాలన్నది ప్రమాణం. అంటే మూడడుగుల వేదికకు ముప్ఫై ఆరు అడుగుల వాలు కావాలి, మధ్యలో చక్రాల కుర్చీ ఆగి తిరగడానికి సమతలంగా కొంత జాగా కూడా విడవాలి. మా పక్కగోడ పొడవు అందుకు చాలలేదు. గుత్తేదారు గారు ఏటవాలుగా పదిహేను అడుగుల్లో ముగించేద్దామన్నారు. అటువంటి వాలు మీద చక్రాల కుర్చీని వెనుకనుంచి నెట్టేవాడికే ఊపిరి ఆడదు, దిగేటప్పుడు అదుపు తప్పితే మనిషి ముందుకు పడిపోతాడు. కార్పొరేటర్ గారు ఒప్పుకోకుండా, గ్రీన్‌రూం పక్కన ఉన్న పాత సామాన్ల గదిని ఖాళీ చేయించి, వాలును అందులోనుంచి వెనక్కి తిప్పి వేదిక మీదికి తేలేలా కట్టించారు. రెండు వైపులా కమ్మీలు పెట్టించారు, నేలను గరుకుగా ఉంచారు.

ర్యాంపు కట్టాక బయటపడిన చిన్న చిన్న విషయాలే నన్ను ఎక్కువ ఆలోచింపజేశాయి. వేదిక మీద పరిచే ఎర్ర తివాచీ చక్రాల కింద ముడతలు పడుతుంది, కాబట్టి దాన్ని తీసేశాం. మైకు తీగలు నేల మీద అడ్డంగా పోకుండా వెనుక గోడ వెంబడి తిప్పి టేపు వేశాం. కూర్చుని పాడేవారి నోటి ఎత్తుకు దిగే మైకు స్టాండు మా దగ్గర ఉండేది కాదు. మా స్టాండుకు ముందరి కాళ్లు చక్రాలకు తగిలి మైకు ఎప్పుడూ జానెడు దూరంలోనే ఉండిపోయేది, ఆ దూరాన్ని పూడ్చడానికి నేను శబ్దం పెంచితే స్పీకర్లు కీచుమనేవి. ఇప్పుడు పక్కనుంచి చేయి చాచినట్టు వంగే స్టాండు కొన్నాం. గ్రీన్‌రూం మరుగుదొడ్డి తలుపు లోపలికి తెరుచుకునేది, దాన్ని బయటికి తెరుచుకునేలా మార్చారు. ఇక మిగిలిన బాధ ఒక్కటే. పెళ్లి సంబంధమైన వేడుకలు జరిగిన రోజున అలంకరణవారు పూలకుండీలన్నీ తెచ్చి ఆ ర్యాంపు మీదే పేరుస్తారు.

కొంచెం కారం:

అందరూ క్షమించాలి, నాకు ఈ ప్రశంస కొంత అతిగా కనిపిస్తోంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అప్పటికే ఉన్న ప్రజా భవనాలన్నిటినీ, నియమాలు వెలువడిన నాటినుంచి అయిదేళ్లలోగా అందరికీ అందుబాటులోకి తేవాలని 45వ సెక్షన్ చెబుతోంది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి కనుక గడువు 2022 జూన్‌తోనే తీరిపోయింది. అంటే మీ కార్పొరేటర్ గారు చేసింది, గడువు దాటిపోయిన చట్టబద్ధమైన బాధ్యతను నెరవేర్చడం. పన్ను కట్టినవాడికి మనం శాలువా కప్పుతున్నామా?

పైగా 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఏమందో గుర్తు చేసుకోవాలి. అందుబాటుకు సంబంధించిన 15వ నియమం సిఫారసుల స్థాయిలోనే ఉండిపోయిందనీ, తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను విడిగా రూపొందించాలనీ కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ముందు దేశంలోని పరిస్థితిని అధ్యయనం చేసి కోర్టుకు నివేదిక ఇచ్చింది ఎక్కడివారో కాదు, మన షామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం. న్యాయస్థానం దాకా నివేదిక పంపిన నగరంలో ఒక హాలుకు ర్యాంపు రావడం వార్త కావడమే విచారకరం.

పద్దులు రాసిన చేయి:

కారం గారూ, మీరు చెప్పిన తేదీలన్నీ సరైనవే. నేను పురపాలక పద్దుల విభాగంలో పదవీ విరమణ చేసినవాణ్ని కాబట్టి ఆ చట్టానికీ ఆ ర్యాంపుకూ మధ్య ఏముంటుందో చెప్పగలను. మధ్యలో ఫైలు ఉంటుంది. చట్టం ఉందన్న కారణంగా ఏ ఫైలూ తనంతట తాను బల్ల మీదినుంచి లేవదు; అడిగేవారు ఉండాలి, అడిగినవారు మళ్లీ మళ్లీ వచ్చి అడగాలి. రోడ్లు, నాలాలు, వీధిదీపాలు అడిగే జనం పదిమంది ఉంటే, కార్పొరేటర్‌ను వేదికకు ర్యాంపు అడిగే మనిషి ఒక్కరూ ఉండరు. అడిగేవారు లేని పనిని తానే అడిగి చేయించుకోవడం చట్టబద్ధమైన బాధ్యత కంటే కొంచెం ఎక్కువేనని నా అభిప్రాయం.

ఇంకొక విషయం చాలామందికి తెలియదు. సిమెంటు పనికి ఎస్టిమేటు వేయవచ్చు, దానికి ధరల పట్టిక ఉంటుంది. కానీ గాయకుడి పారితోషికానికీ, సంజ్ఞా భాష అనువాదకుల రుసుముకూ డివిజన్ పనుల్లో ఏ హెడ్డూ, అంటే బడ్జెట్‌లోని ఏ ఖర్చు పద్దూ, సరిపోదు. పార్లమెంటు సభ్యుడికి ఏటా 5 కోట్ల రూపాయల స్థానికాభివృద్ధి నిధి ఉంటుంది, అదీ ప్రధానంగా శాశ్వత ఆస్తుల కోసమే. వికలాంగులకు మూడు చక్రాల బండ్లు కొనడానికి అందులో వీలుంది, ఆ బండి మీద వచ్చి పాడినవారికి పారితోషికం ఇవ్వడానికి వీలులేదు. అందుకే ఆవిడ కాలనీ సంఘాలనూ వ్యాపారులనూ కూర్చోబెట్టి, ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో కొంత ఈ పద్దుకు మళ్లించమని అడిగారు. ఆ ఫ్లెక్సీల మీద ఆవిడ బొమ్మ కూడా ఉండేదన్నది గమనించదగిన విషయం.

చట్టం మాటకొస్తే, అందరూ 45వ సెక్షన్ దగ్గరే ఆగిపోతారు. అదే చట్టంలోని 29వ సెక్షన్ సంస్కృతి గురించి, వినోదం గురించి. వికలాంగులైన కళాకారులకూ రచయితలకూ సదుపాయాలు, ఆర్థిక ప్రోత్సాహం కల్పించాలనీ, కళలను వికలాంగులకు అందుబాటులోకి తేవాలనీ, వారు పాల్గొనగలిగేలా కళా పాఠ్యక్రమాలను సైతం మార్చాలనీ అందులో స్పష్టంగా ఉంది. నా ఉద్యోగకాలంలో దాన్ని ఉటంకిస్తూ వచ్చిన ఒక్క అర్జీ కూడా నా బల్ల మీదికి రాలేదు.

మూడు చక్రాలు:

శ్రోత గారు రాసిన ఆ ఉగాది కవిని నేనే. కాబట్టి నేనూ రెండు మాటలు రాయాలి.

నలుగురు ఎత్తేటప్పుడు కుర్చీ ఒక పక్కకు ఒరుగుతుంది. ఎవరి చేయి ఎక్కడ పట్టుకుందో మనకు తెలియదు. చొక్కా పైకి లాగబడుతుంది, చేతిలోని కాగితాలు నలుగుతాయి, పైకి చేరాక ఊపిరి కుదురుకునేలోపే మన పేరు పిలుస్తారు. ఎత్తినవారి మీద నాకు కోపం లేదు, వారి మనసు మంచిదే. కానీ ఆ రోజు సభ చప్పట్లు కొట్టింది నా పద్యానికి కాదు. పద్యం అయ్యాక వచ్చిన చప్పట్లు ముందు వచ్చినవాటిలో సగం కూడా లేవు.

డిసెంబర్ 3 వచ్చిందంటే నాకు పిలుపులు వస్తాయి. అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం కదా. ఒక శాలువా, ఒక జ్ఞాపిక, పండ్ల పళ్లెం, ఆపైన ప్రసంగాలు. కవిత చదవడానికి సమయం మిగలకపోవడం కూడా మామూలే. కార్పొరేటర్ గారు నన్ను పిలిచింది ఆ తేదీన కాదు, మామూలు కవి సమ్మేళనానికి. నా తరువాత చదివిన కవికి ఎంత ఇచ్చారో నాకూ అంతే ఇచ్చారు, రశీదు మీద సంతకం పెట్టించుకుని మరీ. మొదటిసారి ఒక నిర్వాహకుడు నా కవిత బాగా లేదని, మూడో చరణం తీసేయమని చెప్పాడు. ఆ మాట ఇంతకుముందు ఎవరూ అనే సాహసం చేయలేదు, అందరూ అద్భుతమనేవారు.

అయితే అంతా బాగుందని రాయలేను. ప్రేక్షకులలో చక్రాల కుర్చీకి కేటాయించిన చోటు ఇప్పటికీ చివరి వరుస వెనుకే ఉంది, అక్కడినుంచి ముందువారి తలలు తప్ప ఏమీ కనిపించవు. మధ్య వరుసలో రెండు కుర్చీలు తీసేస్తే సరిపోయే పని అది.

సంజ్ఞ:

మా అమ్మానాన్నలిద్దరూ వినలేరు. సంజ్ఞా భాష నాకు మాటకంటే ముందు వచ్చింది, ఇప్పుడు అదే నా వృత్తి. ఆ హాలులో ఒగ్గుకథకు అనువాదం చేసినవారిలో నేనూ ఒకరిని కనుక ఆ అనుభవం రాస్తాను.

సాధారణంగా మమ్మల్ని కార్యక్రమం రోజు ఉదయం పిలిచి, వేదిక చివర ఒక మూల నిలబెట్టి, నాలుగు గంటలు చేతులు ఊపమంటారు. అరగంట దాటితే అనువాదకుడి మెదడు అలసిపోతుంది, పొరపాట్లు మొదలవుతాయి. అందుకే పెద్ద కార్యక్రమానికి ఇద్దరు ఉండి మార్చుకుంటూ చేయాలి. ఒకరికే డబ్బులున్నాయని చెప్పే నిర్వాహకులే ఎక్కువ. ఇక్కడ ఇద్దరిని పిలిచారు. ఒగ్గుకథకు రాతప్రతి ఉండదు, కథకుడు సభను బట్టి పెంచుతాడు, తగ్గిస్తాడు, మధ్యలో పిట్టకథ చొప్పిస్తాడు. అందువల్ల మమ్మల్ని ముందుగానే కథకుల బృందంతో కూర్చోబెట్టారు. ఏ ఘట్టంలో డోలు వేగం పెరుగుతుంది, ఎక్కడ వంతపాట వాళ్లు ప్రశ్న వేస్తారు, దేవతల పేర్లకు ఏ సంజ్ఞ వాడాలి అన్నవన్నీ అక్కడే తేల్చుకున్నాం. మేము కథకుడికి పక్కనే నిలబడ్డాం, మాకూ లైటు వేశారు. తెరవెనుక గారు వేసిన ఆ లైటు మొదట నా ముఖం మీద పడి చేతులను చీకట్లో వదిలేసింది, తరువాత సర్దారు.

వినలేనివారు మొదటి వరుసలో కూర్చున్నారు. డోళ్లు మోగినప్పుడు మా నాన్న చెప్పులు విడిచి, పాదం వేదిక చెక్కకు ఆనించి పెట్టారు. ఆ తరువాత వచ్చే ప్రతి కార్యక్రమానికీ ఆయన అడిగే ప్రశ్న అనువాదకులున్నారా అని కాదు, డోలు ఉందా అని.

శ్రుతిలయ:

నాకు చూపు లేదు, వయొలిన్ పాఠాలు చెప్పుకుంటాను, ఈ చర్చను తెర చదివే సాఫ్ట్‌వేర్ ద్వారా వింటున్నాను.

పాలకుడి చేయూత కళలో ఏమి మార్చగలదో తెలుసుకోవడానికి మన తెలుగు నేల మీదే పెద్ద ఉదాహరణ ఉంది. విజయనగరం సంగీత కళాశాలను విజయరామ గజపతి మహారాజు 1919లో స్థాపించారు. ఆస్థానంలో పనిచేసే ఒకరి అబ్బాయికి చూపు లేదనీ, అతనికి సంగీతం నేర్పించాలన్న ఆలోచనతోనే ఆ పాఠశాల మొదలైందనీ చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. చూపు మందగించిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ ఆచార్యులై, 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులయ్యారు. ఘంటసాల గారు, సుశీల గారు అక్కడ చదువుకున్నవారే. ఒక్క పిల్లవాడి కోసం తెరిచిన తలుపులోనుంచి ఎంతమంది వచ్చారో చూడండి.

ఆ హాలులో జరిగిన కూచిపూడి ప్రదర్శన గురించి కూడా రాయాలి. చూపులేని పిల్లలను ఒక గంట ముందే రమ్మన్నారు. నర్తకి తన గజ్జెలు పిల్లల చేతుల్లో పెట్టారు. తరంగానికి వాడే ఇత్తడి పళ్లెం అంచు ఎంత సన్నగా ఉంటుందో వేళ్లతో తడిమించారు, ఆ అంచు మీద పాదాలు ఎలా నిలుస్తాయో ఒక అమ్మాయిని తన పాదం పట్టుకోనిచ్చి చూపించారు. జడ బరువు తూచి చూసిన ఒక పిల్లవాడు, ఇంత బరువు మోస్తూ మెడ ఎలా తిప్పుతారని అడిగాడు. ప్రదర్శన జరుగుతున్నప్పుడు ఒకరు వారి వెనుక కూర్చుని, పాటకు అడ్డురాకుండా, జరుగుతున్నది తగ్గు స్వరంలో చెప్పారు. పళ్లెం నేలకు రాసుకునే శబ్దాన్ని ఆ పిల్లలు గుర్తుపట్టినంతగా చూపున్నవారు గుర్తుపట్టలేదు.

నా వరకు ఒక విన్నపం: ఆహ్వాన పత్రికలను బొమ్మగా పంపకండి, మాకు అందులో ఒక్క అక్షరమూ వినపడదు. దాని కింద అవే వివరాలు టైపు చేయండి.

మల్కాజిగిరి అమ్మ:

నేను వేరే ప్రాంతం నుంచి ఆ హాలుకు వస్తాను. మా అబ్బాయికి ఆటిజం. మృదంగం అంటే ప్రాణం, స్పీకరు అంటే భయం. వేడుకల రోజుల్లో మా వీధిలో డీజే పెడితే గది మూల చెవులు మూసుకుని కూర్చుంటాడు. మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ ఉన్న నగరం మనది. అయినా ఇటువంటి పిల్లలు కచేరీకి రావచ్చన్న ఆలోచన ఇంకా వీధి దాకా రాలేదు.

ఆ హాలులో నెలకొకసారి మైకు లేకుండా, లైట్లు పూర్తిగా ఆర్పకుండా, తలుపులు తెరిచే ఉంచి, గంటలోపు కచేరీ పెడుతున్నారు. పిల్లవాడు లేచి తిరిగినా, అరిచినా ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. మా అబ్బాయి మొదటిసారి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఇప్పుడు వేదిక అంచున కూర్చుంటాడు. మృదంగ విద్వాంసులు తని ఆవర్తనంలో, అంటే మృదంగం ఒక్కటే మోగే ఘట్టంలో, ఒకసారి తాళం వేయమని సైగ చేస్తే వేశాడు, తప్పు వేశాడు, ఆయన నవ్వి మళ్లీ ఎత్తుకున్నారు. కార్పొరేటర్ గారు ఆ రోజు ఫొటోగ్రాఫర్‌ను గుమ్మం బయటే ఆపేశారు. అందుకు నేను వేరుగా కృతజ్ఞురాలిని.

కొంచెం కారం:

పై సందేశాలన్నీ చదివాను. జరిగిన పని మంచిదన్నదానిలో నాకు సందేహం ఎప్పుడూ లేదు. నా అభ్యంతరం వేరు: ఇదంతా ఒక మనిషి మీద నిలబడి ఉంది. రేపు రిజర్వేషన్లు మారి ఆవిడ స్థానం పోతే, లేదా ఓడిపోతే, ర్యాంపు మిగులుతుంది కానీ ఇద్దరు అనువాదకులు, సమాన పారితోషికం, మైకులేని కచేరీ మిగులుతాయా? హాలు అద్దెకిచ్చే నిబంధనల్లో ఇవి రాతపూర్వకంగా ఉన్నాయా?

సాయంకాలం శ్రోత:

కొంతవరకు ఉన్నాయి. ర్యాంపు మీద సామాన్లు పెట్టకూడదన్నదీ, చక్రాల కుర్చీల చోటు వదలాలన్నదీ హాలు కమిటీ తీర్మానాల పుస్తకంలో రాయించారు, అద్దె దరఖాస్తులోకి మాత్రం ఇంకా ఎక్కలేదు. అనువాదకుల ఖర్చు విషయం అసలు రాతలోనే లేదు. మీ ప్రశ్న సరైన చోటే తగిలింది. కాలనీ సంఘాలు ఆవిడకు సన్మానం చేద్దామనుకుంటే, శాలువాకు పెట్టే డబ్బు అనువాదకుల పద్దులో వేయమన్నారు. కాబట్టి సన్మానానికి బదులు ఒక అర్జీ తీసుకువెళ్దాం.

పద్దులు రాసిన చేయి:

అర్జీ ముసాయిదా నేను రాస్తాను. ర్యాంపు, వరుసలో చోటు, ఆహ్వానం టైపు చేయడం వంటివి అద్దె దరఖాస్తులో నిబంధనలుగా పెట్టమని అడుగుదాం. అనువాదకుల రుసుము కోసం హాలు అద్దె ఆదాయంలో కొంత భాగాన్ని విడిగా ఉంచమని కమిటీ చేత తీర్మానం చేయించాలి, ఎందుకంటే చందాలు ఒక ఏడాది వస్తాయి, మరో ఏడాది రావు. 29వ సెక్షన్‌ను మొదటి వాక్యంలోనే ఉటంకిస్తాను.

మూడు చక్రాలు:

దానికి ఇంకొకటి చేర్చండి. మెట్రోలో లిఫ్టు ఎక్కి దిగడం నాకు ఇబ్బంది కాదు. స్టేషన్ నుంచి హాలుకు వచ్చే కాలిబాట మీద ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె, ఆ తరువాత రెండు చోట్ల అడుగెత్తు గట్లు ఉన్నాయి. అక్కడ రోడ్డు మీదికి దిగి బస్సుల మధ్య వెళ్లవలసి వస్తోంది. ఎస్టిమేటు వేయగలిగిన పని కనుక దీనికి హెడ్డు దొరుకుతుందనుకుంటాను.

తెరవెనుక:

దొరుకుతుంది. ఆదివారం ఉదయం నేను టేపు తీసుకుని స్టేషన్ మెట్ల దగ్గర ఉంటాను. గట్ల ఎత్తు, కాలిబాట వెడల్పు కొలిచి పద్దుల వారికి ఇస్తాను. చక్రాలు గారు కూడా వస్తే ఎక్కడ ఆగిపోతున్నారో అక్కడే సుద్దతో గీత గీయవచ్చు. అర్జీలో పూలకుండీల మాట మరిచిపోవద్దని మనవి.